చేయించుకున్న మడత చాకు: షెఫీల్డ్ నుంచి అట్లాంటా దాకా

మడత చాకు చేసేవాడి పనితనం బయటపడేది కీలు దగ్గర. పిడిలో బిగించేసిన మామూలు కత్తికి మంచి ఉక్కు, సరైన పదును ఉంటే చాలావరకు పని అయిపోయినట్టే. మడిచే చాకుకు అది చాలదు. తెరిచినప్పుడు బ్లేడు ఊగకూడదు, మూసినప్పుడు వాదర పిడి లోపల దేనికీ తగలకూడదు, మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా చేతికి తెలిసిపోతుంది. కార్ఖానా చాకు ఏ బజారులోనైనా చవగ్గా దొరికే రోజుల్లో ఒక పనివాడికి ఆర్డరు ఇచ్చి, నెలల తరబడి ఎదురుచూసి, ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చుపెట్టి చాకు చేయించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ కీలుకే పోతుంది. మడత చాకు చరిత్రలో కీలును ఎవరు ఎలా బిగించారన్నది ఒక దారం. బ్లేడు మీద ఎవరి పేరు పడిందన్నది రెండో దారం.

ఇప్పటిదాకా దొరికిన మడత చాకుల్లో అతి పాతది ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో బయటపడింది. ఎముక పిడి ఉన్న ఆ చాకు క్రీ.పూ. 600-500 నాటిదని అంచనా. రోమన్ల కాలానికి ఇలాంటివి మామూలు వస్తువులయ్యాయి. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దపు వెండి పరికరం ఒకటి ఉంది. చెంచా, మూడు ముళ్ల ఫోర్కు, సన్నటి మొన, ఇంకా చిన్నాచితకా ఉపకరణాలతోపాటు ఒక ఇనుప బ్లేడు కూడా అందులో మడతపడి ఉంటుంది. వెండి నిలిచింది, ఇనుము చాలావరకు తుప్పు తినేసింది. ఈ పాత చాకులన్నిటికీ ఉన్నది ఒక మేకు, దాని బిగువు, అంతే. బ్లేడును తెరిచి ఉంచేది రాపిడి ఒక్కటే. మన మంగలి కత్తి నిన్నమొన్నటిదాకా నడిచింది ఈ పద్ధతిలోనే. చేతి పట్టు తెలిసినవాడికి అది సరిపోతుంది. ఇంగ్లండులో పేద రైతులు కొనుక్కునే పెన్నీ చాకు కూడా ఇలాంటిదే.

17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండు చాకు పనివాళ్ల చేతుల్లో పెద్ద మార్పు వచ్చింది. పిడి వెన్ను పొడవునా ఒక ఉక్కు స్ప్రింగును పెట్టడం అప్పుడు మొదలైంది. బ్లేడు అడుగుభాగాన్ని చదునైన ముఖాలతో మలుస్తారు. స్ప్రింగు కొస ఆ ముఖం మీద నొక్కుకుని కూర్చుంటుంది. బ్లేడును కదిపితే స్ప్రింగు కాస్త పైకి లేచి, మూల దాటగానే మళ్లీ కిందికి పడుతుంది. ఇది లాక్ కాదు. తగినంత బలంతో నొక్కితే బ్లేడు మూసుకుంటుంది. కానీ రాపిడి మీద నడిచే చాకుతో పోలిస్తే, తెరిచిన బ్లేడు తెరిచినట్టే ఉంటుంది.

చూడ్డానికి తేలికగా కనిపించే ఈ అమరికలోనే పనివాడి ప్రాణం పోతుంది. బ్లేడు మూసి ఉన్నప్పుడు, సగం తెరిచినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు, ఈ మూడు స్థితుల్లోనూ స్ప్రింగు వెన్ను పిడి అంచుతో సమంగా ఉండాలి. గోరు పెట్టి నిమిరితే ఎక్కడా మెట్టు తగలకూడదు. అందుకు బ్లేడు అడుగును ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ, బిగించి చూసి, మళ్లీ విప్పి రాయాలి. ఒక ముఖం సరిచేస్తే మరో ముఖం తప్పుతుంది. ఎక్కువ రాస్తే ఆ బ్లేడు ఇక పనికిరాదు. పైగా బ్లేడును, స్ప్రింగును కాల్చి నీళ్లు పట్టినప్పుడు వాటి కొలత అంతో ఇంతో కదులుతుంది. ఆ కదలికను ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇలా కుదిరిన చాకుకు ఒక నడక, ఒక మాట ఉంటాయని అమెరికా చాకుల వాళ్లు అంటారు. బ్లేడు జారే తీరు నడక, చివర్లో టక్కుమని మూసుకునే చప్పుడు మాట. అనుభవం ఉన్నవాళ్లు చాకును చెవి దగ్గర పెట్టుకుని మూసి చూడడానికి కారణం ఇదే.

ఈ పని పెరిగింది షెఫీల్డ్‌లో. ఆ ఊరి కత్తుల ప్రస్తావన 14వ శతాబ్దపు చాసర్ కథల్లోనే ఉంది. 1624లో పార్లమెంటు చట్టంతో హాలమ్‌షైర్ కట్లర్ల సంఘం ఏర్పడింది. ఎవరు పని నేర్చుకోవాలి, ఎవరు ఏ ముద్ర వాడాలి అన్నవి ఆ సంఘం అదుపులోకి వచ్చాయి. కొండల మీంచి దిగే చిన్న నదులు సాన చక్రాలను తిప్పేవి, చుట్టుపక్కల దొరికే ఇసుకరాయి సానరాళ్లుగా మారేది. ఒకరు బ్లేడు సాగగొడతారు, ఇంకొకరు సానపడతారు, మూడోవారు పిడి వేసి చాకును కూరుస్తారు. ఇలా విడివిడిగా, అద్దె గదుల్లో సొంతంగా పనిచేసుకునేవాళ్లను అక్కడ 'లిటిల్ మెస్టర్లు' అనేవారు. పిడి మీద వెండి బిళ్ల పొదగడానికి వాళ్లు వాడిన పార్సర్ అనే పనిముట్టు గమనించదగ్గది. రెండు ఉక్కు కొనలున్న ఆ బరమాను ఛాతీకి కట్టుకున్న పలకకు ఆనించి, విల్లుతో తిప్పుతారు. అచ్చు అంచుల వెంబడి అది తిరుగుతూ బిళ్ల ఆకారంలోనే గుంట తవ్వుతుంది.

ఉక్కు విషయంలో షెఫీల్డ్‌కు దారి చూపింది ఒక గడియారాల పనివాడు. బెంజమిన్ హంట్స్‌మన్‌కు గడియారం స్ప్రింగుల కోసం నమ్మదగ్గ ఉక్కు కావలసి వచ్చింది. 1740లలో ఆయన మూసల్లో ఉక్కును కరిగించి పోతపోశాడు. అది మరీ గట్టిగా ఉందని స్థానిక చాకు పనివాళ్లు మొదట ముట్టుకోలేదు. ఫ్రాన్సు వాళ్లు కొని, దానితో చేసిన చాకులను ఇంగ్లండుకే పంపడం మొదలుపెట్టాక షెఫీల్డ్ దారికొచ్చింది.

మూస ఉక్కు తెలుగు నేలకు కొత్త కాదు. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో ఉక్కు తీసే తీరును హెన్రీ వాయిసీ చూసి రాసిన వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారని కూడా అందులో ఉంది. అంతకుముందే, 1795లో, భారతీయ ఉక్కు ముద్దల మీద జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. ఆ పరీక్షల్లో భాగంగా జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ పనివాడు ఒక ముక్కను సాగగొట్టి కలం చాకు చేశాడు. సాగగొట్టడం మహా కష్టమైనా, తమ దేశంలో వాడే ఉక్కుల కన్నా చాలా పనులకు ఇదే మేలని ఆయన తేల్చాడు. తర్వాత కూడా ఆ ఉక్కుతో పనిముట్లు చేసి అమ్మాడు. కలం చాకు అంటే ఈక కలాల మొన చెక్కుకునే చిన్న చాకు. చదువు, కచేరీ పని ఉన్న ప్రతివాడి దగ్గరా అది ఉండేది. 19వ శతాబ్దంలో ఉక్కు పాళీలు చవగ్గా వచ్చాక ఆ పని పోయింది, చాకు మాత్రం జేబులో మిగిలింది.

షెఫీల్డ్ గొప్పతనానికి మరో వైపు మనుషుల ఊపిరితిత్తులు ఉన్నాయి. తడి లేకుండా సానపట్టేవాళ్లు రాతి ధూళి, ఉక్కు ధూళి పీల్చి చిన్న వయసులోనే చనిపోయేవారు. ఫోర్కులు సానపట్టేవాళ్ల గతి మరీ ఘోరం. కాల్వర్ట్ హాలండ్ అనే వైద్యుడు 1843లో దీని మీద పుస్తకం రాశాడు. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద రాసిన పుస్తకంలోనూ ఈ వ్యాధి గురించి ఉంది. ఆ కాలపు మెరిసే చాకులను చేతిలోకి తీసుకునే సేకర్తలు ఈ సంగతిని సాధారణంగా పక్కన పెట్టేస్తారు.

పేరు ఎవరికి దక్కింది? బ్లేడు అడుగున పడ్డ ముద్ర చాలావరకు వ్యాపార సంస్థది. జోసెఫ్ రాడ్జర్స్ వారి నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు ప్రపంచమంతా తిరిగింది. ఆ సంస్థ 1822లో 1,822 బ్లేడ్లతో ఒక ప్రదర్శన చాకు చేయించి, ఏటా ఒక బ్లేడు చేర్చుతూ పోయింది. 1851 మహా ప్రదర్శన కోసం చేయించిన నార్‌ఫోక్ చాకుకు 75 బ్లేడ్లు. అది ఇప్పటికీ షెఫీల్డ్ కట్లర్స్ హాల్‌లో ఉంది. అవి పనికొచ్చే చాకులు కావు, పనితనం చాటుకోవడానికి చేసిన బొమ్మలు. వాటి తయారీలో చేయి పెట్టిన వాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇతర దేశాల్లో కథ ఇంత పొడుగు కాదు. ఫ్రాన్సులోని తియేర్‌లో దురోల్ నది ఒడ్డున సానపట్టేవాళ్లు చక్రం పైన చెక్క మీద బోర్లా పడుకుని పనిచేసేవారు. చలికి కాళ్ల మీద కుక్కను పడుకోబెట్టుకునేవారు. లగియోల్ అనే పల్లెలో 1829 ప్రాంతంలో పుట్టిన చాకు తరువాతి కాలంలో ఎక్కువగా తియేర్‌లోనే తయారైంది. ఆ పేరును ఎవరైనా వాడుకోవచ్చన్న పరిస్థితి రావడంతో విదేశీ చవకరకం చాకుల మీద కూడా లగియోల్ అని పడింది. 2012లో కోర్టులో ఓడిపోయాక ఊరివాళ్లు నిరసనగా తమ ఊరి బోర్డునే ఊడదీశారు. స్పెయిన్‌లోని అల్బసేతె నవాహా చాకు తెరుస్తుంటే పళ్ల చక్రం కిర్రుకిర్రుమంటుంది. జపాన్‌లో 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించిన తర్వాతి కాలంలో మికి పట్టణంలో హిగోనోకామి అనే రాపిడి చాకు ప్రాచుర్యంలోకి వచ్చింది. బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్నది దానితోనే. మన దేశంలో రాంపూర్ చాకు నవాబుల కాలంలో పేరు తెచ్చుకుని, హిందీ సినిమా విలన్ల చేతిలో అపకీర్తి మూటగట్టుకుంది. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన రాంపురీలను నిషేధించాక పనివాళ్లు చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు.

షెఫీల్డ్‌కు పెద్ద గిరాకీ అమెరికా నుంచి వచ్చేది. 1890 నాటి మెకిన్లీ సుంకం ఆ దారిని మూసింది. అమెరికాలో సొంత కార్ఖానాలు అప్పటికే లేచాయి. షెఫీల్డ్ బార్లో నమూనా చాకును అక్కడి కంపెనీలు లక్షల సంఖ్యలో చేశాయి. మార్క్ ట్వేన్ నవలలో టామ్ సాయర్‌కు బహుమానంగా దొరికే బార్లో చాకు ధర పన్నెండున్నర సెంట్లు. ఆ ధర దగ్గర చేతిపనివాడు నిలవలేడు. 20వ శతాబ్దం ముగిసేసరికి షెఫీల్డ్‌లో లిటిల్ మెస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. వాళ్లలో స్టాన్ షా ఒకరు. 1926లో పుట్టి, 14 ఏళ్లకు ఇబర్సన్ కంపెనీలో పనికి చేరి, దశాబ్దాలు ఇతరుల ముద్ర కింద చాకులు చేసి, ఆ తర్వాత సొంతంగా ఆర్డర్లు తీసుకున్నాడు. ఎలిజబెత్ రాణికి కూడా చాకు చేసిన ఆయన దగ్గర మామూలు కొనుగోలుదారులు ఏళ్ల తరబడి వంతు కోసం ఆగేవారు. 2021లో ఆయన చనిపోయాడు.

పేరు మళ్లీ పనివాడి దగ్గరికి చేరింది అమెరికాలోనే. మిషిగన్‌లో ఒంటరిగా పనిచేసి 1963లో మరణించిన విలియం స్కాగెల్ ఆ వరుసలో తొలివాడు. ఆయన స్థిర కత్తులతోపాటు మడత చాకులూ చేశాడు. 1964లో బక్ కంపెనీ తెచ్చిన 110 నమూనా, వెన్ను లాక్‌తో, మడత చాకు కూడా వేటపనికి తట్టుకుంటుందని జనానికి నమ్మకం కలిగించింది. 1970లో నైఫ్‌మేకర్స్ గిల్డ్ ఏర్పడింది. ప్రదర్శనలు, పత్రికలు వచ్చాయి. కొనేవాడు చేసేవాడిని ముఖాముఖి కలిసే వీలు చిక్కింది. తెలుగు పల్లెలో కమ్మరి దగ్గర కూర్చుని గీతకత్తి చేయించుకున్నవాడికి ఇందులో వింతేమీ కనపడదు. కార్ఖానా దేశంలో మాత్రం అది కొత్త సరదా.

అసలు మార్పు మళ్లీ కీలు దగ్గరే జరిగింది. 1970లలో రాన్ లేక్ పిడిని ఒకే లోహపు చట్రంగా తొలిచి, అందులో కొమ్ము, ముత్యపుచిప్ప లాంటివి పొదిగే ఇంటర్‌ఫ్రేమ్ పద్ధతిని నగిషీ స్థాయికి తీసుకెళ్లాడు. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ లైనర్ లాక్‌ను ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. పిడి లోపలి పలుచని రేకును చీల్చి కొంచెం వంచుతారు. బ్లేడు తెరవగానే అది పక్కనుంచి జరిగి బ్లేడు వెనక నిలుస్తుంది. బొటనవేలితో పక్కకు నెడితే చాకు మూసుకుంటుంది, రెండో చెయ్యి అక్కర్లేదు. ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు, 1906 నాటి పేటెంటులోనే దాని పోలికలున్నాయి. కానీ వాకర్ చేతిలో అది నమ్మదగ్గదైంది. 1987లో దక్షిణాఫ్రికాకు చెందిన క్రిస్ రీవ్ టైటానియం పిడి పలకనే చీల్చి లాక్‌గా మలిచాడు. సెబెంజా పేరుతో వచ్చిన ఆ చాకును చాలా కంపెనీలు అనుకరించాయి.

ఉక్కులోనూ పాతదీ కొత్తదీ కలిశాయి. 1973 గిల్డ్ ప్రదర్శనలో విలియం మోరన్ రకరకాల ఉక్కు పొరలను కలిపి సాగగొట్టిన డమాస్కస్ బ్లేడ్లను పెట్టాక ఆ అలల నమూనా మళ్లీ గిరాకీలోకి వచ్చింది. అది పొరల ఉక్కు. దక్షిణ భారతపు మూస ఉక్కుతో వచ్చే అసలు అలలు వేరు. వాటి గుట్టు పట్టడానికి ఫ్లారిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే అల్ పెండ్రే, అయోవా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్ ఏళ్లపాటు కలిసి పనిచేశారు. వెనేడియం లాంటి మలినాలు అతి స్వల్పంగా ఉంటేనే ఆ అలలు ఏర్పడతాయని 1998లో ప్రకటించారు. మరోవైపు పొడి రూపంలో తీసి అదిమిన సీపీఎం రకం ఉక్కులు తుప్పునూ అరుగుదలనూ తట్టుకునే బ్లేడ్లనిచ్చాయి.

చేయించుకోవడానికీ కొన్ని ఆనవాయితీలు ఏర్పడ్డాయి. పేరున్న పనివాడి ఆర్డరు పుస్తకం ఏళ్లకేళ్లు నిండి ఉంటుంది, కొందరు పుస్తకమే మూసేశారు. అట్లాంటాలో ఏటా జరిగే బ్లేడ్ షోలో కొందరి బల్లల దగ్గర చీటీలు వేసి, పేరు వచ్చినవాళ్లకే చాకు అమ్ముతారు. అలా కొన్నది ఆ సాయంత్రమే ఎక్కువ ధరకు చేతులు మారడం కూడా మామూలే. ఇదంతా సంత హడావుడి, చాకు నాణ్యతకు కొలబద్ద కాదు. అనుభవమున్న పనివాళ్లు చాలామంది చాకు పూర్తయ్యేదాకా పెద్ద మొత్తం తీసుకోరు. మొత్తం సొమ్ము ముందే అడిగేవాడి దగ్గర ఆలోచించుకోవాలి. ధర, గడువు, ఉక్కు రకం, మరమ్మతు బాధ్యత కాగితం మీద ఉండాలి.

మొదటిసారి చేయించుకునేవాళ్లు తరచు చేసే తప్పు, తాము గీసిన కొత్త నమూనాను పనివాడికి ఇవ్వడం. అతను పదేపదే చేసి చేయి తిరిగిన నమూనాలోనే కీలు బాగా కుదురుతుంది. ఉక్కు కూడా అంతే, పేరు గొప్ప ఉక్కు కన్నా ఆ పనివాడికి నీళ్లు పట్టడం బాగా తెలిసిన ఉక్కే నయం. పిడికి జింక కొమ్ము, ఎముక, దంతం అందంగా ఉంటాయి. కానీ పొడి గాలికి ముడుచుకుని చీలే గుణం వాటికుంది. ఏనుగు దంతం వ్యాపారం మీద 1989లో అంతర్జాతీయ నిషేధం వచ్చాక మామత్ దంతం దాని చోటు తీసుకుంది. రోజూ వాడే చాకుకు బట్ట పొరలను రెజిన్‌తో అదిమిన మైకార్టా వీటన్నిటికన్నా మన్నుతుంది. చాకు చేతికి వచ్చాక చూడవలసినవి కొన్నే. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తెరిచిన బ్లేడుకూ స్ప్రింగుకూ మధ్య సందు కనపడకూడదు. బ్లేడును పక్కలకు వంచి చూస్తే కదలకూడదు. మూసినప్పుడు అది పిడి మధ్యన పడుకోవాలి.

చట్టం కూడా ఎంపికలో భాగమే. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం వాదర 3 అంగుళాలు మించని మడత చాకును బహిరంగంగా వెంట ఉంచుకోవచ్చు. 1990లలో వచ్చిన తీర్పుల ప్రకారం లాక్ పడే చాకుకు ఈ మినహాయింపు లేదు. అమెరికాలో మీట నొక్కితే తెరుచుకునే చాకుల అంతర్రాష్ట్ర వ్యాపారం మీద 1958 నుంచి సమాఖ్య చట్టం ఉంది, మిగతా నిబంధనలు రాష్ట్రానికో తీరు. భారత ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడ్లు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని ఆ జాబితాలోంచి మినహాయించారు. ఈ హద్దులన్నిటికీ లోబడి, పనివాడి చేతిని అన్నిటికన్నా నిజాయితీగా చూపించేది 3 అంగుళాల లోపు ఒకే బ్లేడు, లాక్ లేని వెన్ను స్ప్రింగు, మైకార్టా పిడి ఉన్న చాకు. మొదటిసారి చేయించుకునేవారికి అదే సరైన ఎంపిక.